డాక్టర్ సలహా: పక్క ఫ్లాట్ నుంచి ఘాటు వాసన.. బాబుకు దగ్గు తగ్గట్లేదు, ఏం చేయాలి?

ప్రశ్న: మేం అపార్ట్‌మెంట్‌లో ఉంటాం. మూడు నెలల క్రితం పక్క ఫ్లాట్‌లోకి ఇద్దరు అద్దెకు దిగారు. కిటికీలకు లోపలి నుంచి నల్ల కవర్లు అంటించేశారు. పగలంతా తలుపు తీయరు. రాత్రి పొద్దుపోయాక ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఆగకుండా తిరుగుతుంది. నెయిల్ పాలిష్ రిమూవర్ లాంటి వాసన, ఒక్కోసారి మూత్రం కంపు లాంటి ఘాటు వస్తుంది. వాళ్లు ఇంట్లోనే మత్తుమందులు తయారు చేస్తున్నారేమోనని నా అనుమానం. నాకు తరచూ తలనొప్పి, వికారం. మా మూడేళ్ల బాబుకు నెల రోజులుగా దగ్గు, కళ్లు ఎర్రబడుతున్నాయి. మెడికల్ షాపులో అడిగి సిరప్, అలర్జీ మందు వేస్తున్నాను. మొన్న ఆయాసపడుతుంటే మావారి ఇన్‌హేలర్ కూడా ఇచ్చాను. అది డ్రగ్స్ ల్యాబ్ అవునో కాదో ఎలా తేల్చుకోవాలి? వాళ్ల చెత్త కవర్ విప్పి చూస్తే తెలుస్తుందా? ఆ వాసన పీలిస్తే మాకూ మత్తు అలవాటవుతుందా?
- ఓ పాఠకురాలు

జవాబు: మీ ప్రశ్నల దగ్గరికి తర్వాత వస్తాను. మీరు మధ్యలో ఒక్క ముక్కలో చెప్పి వదిలేసిన విషయమే నన్ను ఎక్కువ కంగారు పెట్టింది. మూడేళ్ల పిల్లాడు ఆయాసపడితే పెద్దవాళ్ల ఇన్‌హేలర్ ఇచ్చి ఊరుకున్నారు. బాబును ఈరోజే పిల్లల డాక్టర్‌కు చూపించండి. ఊపిరి తీసుకునేటప్పుడు డొక్కలు ఎగరేస్తున్నా, పెదాలు నీలంగా మారుతున్నా, లేపినా సరిగ్గా లేవకుండా మగతగా ఉన్నా అపాయింట్‌మెంట్ కోసం చూడొద్దు. నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్లాలి.

ఇలాంటి ఆవిర్లు పెద్దవాళ్ల కంటే పిల్లలకు ఎక్కువ హాని చేస్తాయి. వాళ్లు నిమిషానికి ఎక్కువసార్లు ఊపిరి తీసుకుంటారు. అసిటోన్ (నెయిల్ పాలిష్ రిమూవర్‌లో ఉండేది), ఈథర్ లాంటి ద్రావకాల ఆవిరి గాలి కంటే బరువు కాబట్టి నేలకు దగ్గరగా పేరుకుంటుంది. మీ బాబు ఆడుకునేది అక్కడే. పైగా పిల్లలు నేల మీద పెట్టిన చేతినే నోట్లో పెట్టుకుంటారు.

ఇక మందుల సంగతి. నాలుగేళ్లలోపు పిల్లలకు జలుబు, దగ్గు సిరప్‌లు డాక్టర్ చెప్పకుండా వేయకూడదని ఎన్నిసార్లు రాసినా తక్కువే అనిపిస్తుంది. మీ ఇంట్లో దానికి ఇంకో ప్రమాదం తోడైంది. కొన్ని అలర్జీ మందులు, సిరప్‌లు మగత తెస్తాయి. రసాయనాల ఆవిరి కూడా మగతే తెస్తుంది. రేపు బాబు తూలుతుంటే అది మందు వల్లో, విషవాయువు వల్లో మాకు పోల్చుకోవడం కష్టమవుతుంది. ఇన్‌హేలర్‌తో కాసేపు దగ్గు సద్దుమణిగితే మీరు నిశ్చింతగా అదే గదిలో పడుకోబెడతారు. మీరు తలనొప్పికి మాత్ర వేసుకుంటున్నారో లేదో రాయలేదు. వేసుకుంటుంటే మీ విషయంలోనూ అదే జరుగుతుంది. మీ శరీరం ఏదో తేడాగా ఉందని చెబుతోంది, దాని నోరు మాత్రలతో నొక్కకండి.

నేను మిమ్మల్ని అడగాల్సింది ఒకటుంది. ఇల్లు వదిలి ఒకటి రెండు రోజులు వేరేచోట ఉంటే మీకు తలనొప్పి, బాబుకు దగ్గు తగ్గుతున్నాయా? తిరిగొచ్చాక మళ్లీ మొదలవుతున్నాయా? అవునంటే సమస్య ఇంటి గాలిలోనే ఉందని గట్టిగా అనుమానించాలి. డాక్టర్‌తో మొదట చెప్పాల్సింది కూడా అదే. చాలామంది ‘దగ్గండీ’ అని మాత్రమే చెప్పి, ఇంట్లో వాసన సంగతి ఇంటిదగ్గరే వదిలేసి వస్తారు.

అయితే పక్కింటివాళ్ల మీద చూపు పెట్టి, మీ ఇంట్లోనే ఉండగల కారణాన్ని మరిచిపోవద్దు. ఇంట్లో అందరికీ ఒకేసారి తలనొప్పి, వికారం వస్తే నాకు మొదట గుర్తొచ్చేది కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు. గ్యాస్ గీజర్, జనరేటర్, బొగ్గుల కుంపటి.. వేటి నుంచైనా రావచ్చు. దానికి రంగూ వాసనా ఉండవు. వేలికి పెట్టి ఆక్సిజన్ చూసే పల్స్ ఆక్సీమీటర్ దాన్ని పట్టలేదు, ప్రాణం మీదికి వచ్చినా ఆక్సిజన్ 98 శాతం అని చూపించవచ్చు. దానికి వేరే రక్తపరీక్ష ఉంది, అడిగి చేయించుకోండి.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్న. మూసేసిన కిటికీలు, రాత్రిపూట ఆగని ఫ్యాన్లు, అసిటోన్ వాసన, మూత్రం కంపు లాంటి అమ్మోనియా ఘాటు, వేళకాని వేళ రాకపోకలు, లేబుల్ చింపేసిన డబ్బాలు, మరకలు పడ్డ గాజు పాత్రలు, ట్యూబులు, కుప్పలుగా ఖాళీ మాత్రల అట్టలు.. రహస్యంగా మెథాంఫెటమిన్ (మెథ్) లాంటి మత్తుమందులు తయారు చేసే ఇళ్లలో సాధారణంగా కనిపించేవి ఇవే. మీరు రాసినవాటిలో కొన్ని సరిపోతున్నాయి. కానీ ఫర్నిచర్ పాలిష్, ప్రింటింగ్, జిగురు పనులు ఇంట్లో చేసేవాళ్ల దగ్గరా ఇలాంటి వాసనలే వస్తాయి. కాబట్టి అవునని నేనిక్కడ కూర్చుని చెప్పలేను, మీరూ తేల్చుకోవాల్సిన పని లేదు. చూసింది చూసినట్టు, ఏ తేదీన ఎన్ని గంటలకు వాసన వచ్చిందో పోలీసులకు, అగ్నిమాపక శాఖకు చెప్పండి. మీ పేరు బయటపెట్టొద్దని ముందే అడగండి. నేరుగా వాళ్ల తలుపు కొట్టి నిలదీయడం, ఫొటోలు తీయడం చేయొద్దు.

చెత్త కవర్ మాత్రం దయచేసి విప్పకండి. ఒక కిలో మెథ్ తయారైతే ఐదు నుంచి ఏడు కిలోల విషపు వ్యర్థాలు మిగులుతాయని అంచనా. అందులో ఆమ్లాలు, క్షారాలు, నీరు తగిలితే భగ్గుమనే లోహాలు ఉండొచ్చు. మూత బిగించిన సీసాలో ఇంకా చర్య జరుగుతూనే ఉండి, కదిపితే పేలవచ్చు. చేతులు, ముఖం కాలి జీవితాంతం బాధపడేవాళ్లు ఉన్నారు. వాసన ఎక్కువగా ఉన్నప్పుడు లైటు స్విచ్ కూడా వేయొద్దు, ఆర్పొద్దు. బాబును ఎత్తుకుని బయటికి వచ్చేయండి. ఫోన్ దూరంగా వెళ్లాకే చేయండి.

వాసన తగ్గిపోయిందని ధైర్యం తెచ్చుకోవడమూ పొరపాటే. కాసేపటికి ముక్కు అలవాటుపడి పసిగట్టడం మానేస్తుంది. ఇలాంటిచోట్ల పుట్టే ఫాస్ఫీన్ అనే వాయువు వెల్లుల్లి లేదా కుళ్లిన చేపల వాసన వేస్తుంది. దాన్ని పీల్చినవాళ్లు మొదట కాస్త దగ్గి, బాగానే ఉన్నామనుకుంటారు. కొన్ని గంటలకు, ఒక్కోసారి రెండు మూడు రోజులకు ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. దానికి విరుగుడు మందు లేదు. ఆక్సిజన్ పెట్టి, కనిపెట్టుకుని ఉండటమే వైద్యం. ‘రేపు చూద్దాంలే’ అనే మాట వింటే నాకు కోపం వచ్చేది అందుకే. ఘాటు పీల్చాక ఛాతీ పట్టేసినా, ఆయాసం వచ్చినా ఆ రాత్రే ఆస్పత్రిలో ఉండాలి.

ఒంటి మీద ఏదైనా పడితే బట్టలు తీసేసి, ధారగా పడే నీళ్లతో కనీసం 20 నిమిషాలు కడగాలి. పొడి అయితే ముందు పొడిగుడ్డతో దులిపి తర్వాత కడగాలి. కంట్లో పడితే నలపకుండా కడుగుతూనే ఉండాలి. పొరపాటున మింగితే వాంతి చేయించొద్దు, ఉప్పునీళ్లు తాగించొద్దు. ఏ రసాయనమో అనుమానం ఉంటే ఆస్పత్రిలో ముందే చెప్పండి, అక్కడి సిబ్బందీ జాగ్రత్తపడాలి కదా.

మత్తు అలవాటవుతుందేమో అన్నారు. పక్కింటి నుంచి వచ్చే వాసనతో వ్యసనం పట్టుకోవడం జరగదనే చెప్పొచ్చు, ఆ టెన్షన్ వదిలేయండి. అయితే తయారీ జరిగిన ఇంట్లోనే ఉన్న పిల్లల మూత్రంలో, వెంట్రుకల్లో మత్తుమందు ఆనవాళ్లు దొరికిన సందర్భాలున్నాయి. గోడలు, కార్పెట్లు, పరుపుల్లోకి చేరిన మందు నెలల తరబడి, కొన్నిసార్లు ఏళ్ల తరబడి పోదు. రేపు వాళ్లు ఖాళీ చేసి వెళ్లినా, నిపుణులు శుభ్రం చేశారని తేలేదాకా ఆ ఫ్లాట్‌లో మీ బాబును ఆడుకోనివ్వద్దు.

మిమ్మల్ని పరీక్షించకుండా రాస్తున్న సలహా ఇది. మీ డాక్టర్ స్వయంగా చూసి చెప్పిందే మీకు ప్రమాణం. బాబుకు ఊపిరితిత్తులు, ఆక్సిజన్ స్థాయి చూస్తారు, అవసరమైతే ఎక్స్‌రే తీస్తారు. మూడు నెలలుగా పీలుస్తున్నారు కాబట్టి మీ ఇద్దరికీ రక్తకణాలు, కాలేయం, కిడ్నీ పరీక్షలు రాయవచ్చు. గర్భవతిగా ఉంటే ఆ మాట ముందే చెప్పండి. ఈ వ్యవహారం తేలేదాకా బాబును తీసుకుని బంధువులింట్లో ఉండగలిగితే మంచిది. వీలుకాకపోతే కనీసం పక్క ఫ్లాట్ గోడకు ఆనుకున్న గదిలో పడుకోబెట్టొద్దు. డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఇప్పటిదాకా వాడిన సిరప్ సీసాలు, మాత్రల అట్టలు, ఆ ఇన్‌హేలర్ అన్నీ ఒక కవర్‌లో వేసుకుని వెళ్లండి. ఏది ఎన్నిసార్లు ఇచ్చారో దాచకుండా చెప్పండి.