పాప వయసు కోసం యాప్‌కి నా ఆధార్ ఫొటో ఇవ్వచ్చా?

మీ పాపకి పద్నాలుగేళ్లని, ఒక చాటింగ్ యాప్ తల్లిదండ్రుల ఆధార్ ఫొటో అప్‌లోడ్ చేయమంటోందని రాశారు. పిల్లల భద్రత కోసమే కదా, ఇస్తే ఏమవుతుంది అని అడిగారు. నేనైతే ఇవ్వను. ఎందుకో చెప్పాలంటే 2009 నాటి సంగతి ఒకటి చెప్పాలి.

అప్పుడు అమీర్‌పేటలో లేడీస్ హాస్టల్లో ఉంటూ మైత్రీవనం దగ్గర కోర్సు చేసేదాన్ని. రెజ్యూమేలు పంపడానికి సాయంత్రాలు పక్క సందులో ఉన్న నెట్ సెంటర్‌కి వెళ్లేదాన్ని. అక్కడ రిజిస్టర్‌లో పేరు, అడ్రస్, ఫోన్ నంబర్, వచ్చిన టైమ్ రాసి, ఐడీ కార్డు జిరాక్స్ ఇస్తేనే సిస్టమ్ ముందు కూర్చోనిచ్చేవారు. ఎవరైనా తప్పుడు పని చేస్తే పట్టుకోవడానికి ఆ ఏర్పాటు. బాగానే ఉంది. కానీ ఆ పుస్తకం రోజంతా కౌంటర్ మీద తెరిచే ఉండేది. నా తర్వాత రాసేవాడికి నా పేరు, హాస్టల్, నంబర్ అన్నీ కనిపించేవి. ఎవడో రాసుకున్నాడు. నెలన్నర పాటు రాత్రిళ్లు ఫోన్లు. "ఇవాళ ఏడున్నరకి రాలేదేంటి?" అని అడిగేవాడు. ఇంట్లో తెలిస్తే కోర్సు మాన్పించి ఊరికి తీసుకెళ్తారని అమ్మకి కూడా చెప్పలేదు. నంబర్ మార్చుకున్నాను, ఆ సందులోకి వెళ్లడం మానేశాను.

వయసు తనిఖీ మాట వచ్చినప్పుడల్లా నాకు ఆ పుస్తకమే గుర్తొస్తుంది. రాయమన్నవాళ్ల ఉద్దేశం మంచిదే. రాసింది ఎవరి కంట పడుతుందో, ఎన్నాళ్లు ఉంటుందో మాత్రం ఎవరికీ పట్టలేదు. 2025 అక్టోబర్‌లో డిస్కార్డ్ అనే చాటింగ్ యాప్ కంపెనీ ఒక సంగతి బయటపెట్టింది. వయసు విషయంలో అప్పీల్ చేసుకున్నవాళ్లు పంపిన ప్రభుత్వ ఐడీల ఫొటోలు, సుమారు 70,000 మందివి, హ్యాకర్ల చేతికి చిక్కి ఉండొచ్చంది. పోయింది కూడా డిస్కార్డ్ సొంత సిస్టమ్స్ నుంచి కాదు, ఆ పని చూసే బయటి కంపెనీ దగ్గర్నుంచి. మీరు నమ్మేది ఒకరిని, మీ ఫొటో ఉండేది ఇంకొకరి దగ్గర.

యాప్‌కి కావాల్సింది ఒక్క ముక్క: మీకు 18 నిండాయా, లేదా? దానికి మీ ఫొటో, ఇంటి అడ్రస్, పన్నెండంకెల నంబర్ ఎందుకు? పాస్‌వర్డ్ పోతే మార్చుకుంటాం. పుట్టినతేదీ, ముఖం మార్చుకోలేం కదా. పైగా పిల్లలెవరో తేల్చాలంటే పెద్దలందరినీ కూడా అడగాల్సిందే. భర్త కొడుతున్నాడనో, చెప్పుకోలేని జబ్బు గురించో పేరు దాచుకుని అడిగే ఆడవాళ్లు ఎందరో ఉన్నారు. ముందు ఐడీ చూపించమంటే వాళ్లలో చాలామంది అడగరు.

అలాగని పిల్లల్ని వాళ్ల మానాన వదిలేయమనడం లేదు. కిందటేడు మావాడికి, పన్నెండేళ్లవాడికి, గేమ్‌లో పరిచయమైన ఒకడు చొక్కా లేకుండా ఫొటో పంపమన్నాడు. నాకు చేతులు వణికాయి. ప్రతి యాప్‌లోనూ గట్టి తనిఖీ ఉండాలని ఆ రాత్రి నేనూ అనుకున్నాను. తర్వాత చూస్తే మావాడు ఆడింది మా అత్తయ్య ఫోన్‌లో, ఆవిడ అకౌంట్‌తో. ఆ యాప్ దృష్టిలో వాడి వయసు 64. మన ఇళ్లలో ఫోన్ చేతులు మారుతూనే ఉంటుంది. అత్తయ్య ఆధార్ అడిగి తనిఖీ చేసినా ఆ ఫొటో అడిగినవాడు ఆగేవాడు కాదు.

చట్టం సంగతికొస్తే, మన 2023 డేటా రక్షణ చట్టం ప్రకారం 18 నిండనివాళ్లంతా పిల్లలే. వాళ్ల సమాచారం వాడుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉందని కంపెనీ నిర్ధారించుకోవాలి. రూల్స్ 2025 నవంబర్‌లో వచ్చాయి, ఈ నిబంధన అమల్లోకి రావడానికి పద్దెనిమిది నెలల గడువిచ్చారు. ఆ రూల్స్‌లో కూడా ఆధార్ ఫొటోనే ఇవ్వాలని లేదు. కంపెనీ దగ్గర ముందే ఉన్న వివరాలతో చూసుకోవచ్చు, డిజీలాకర్ లాంటి చోటు నుంచి వచ్చే టోకెన్‌తోనూ, అంటే ఐడీ ఫొటో బదులు వయసు నిర్ధారించే డిజిటల్ గుర్తుతోనూ చూసుకోవచ్చు. పదహారేళ్లలోపు పిల్లలకి సోషల్ మీడియా అకౌంట్లు వద్దన్న ఆస్ట్రేలియా చట్టం కూడా ప్రభుత్వ ఐడీ ఒక్కటే దారి అని కంపెనీలు పట్టుబట్టకూడదంటోంది.

అందుకని ముందు ఆ యాప్‌లో వేరే దారి ఉందేమో చూడండి. లేకపోతే ఆ యాప్ వద్దని పాపకి కారణంతో సహా చెప్పండి, పద్నాలుగేళ్ల పిల్లకి అర్థమవుతుంది. ఇంకెక్కడైనా ఆధార్ తప్పనిసరైతే మొదటి ఎనిమిది అంకెలు కనిపించని మాస్క్‌డ్ ఆధార్ డౌన్‌లోడ్ చేసి ఇవ్వండి. పాప ఫోన్ వాడకాన్ని మీరు చూసుకోవడానికి అందులో గూగుల్ ఫ్యామిలీ లింక్ యాప్ పెట్టండి. ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్లకి కూడా పిన్ పెట్టండి. అత్తయ్యకి పిన్ గుర్తుండేలా చేయడానికి మాకు వారం పట్టింది. ఇప్పుడు మావాడు గేమ్ ఆడాలంటే ఆవిడ పక్కనే కూర్చుని ఆడతాడు.