మహిళా పరిశోధకులు తమ అకడమిక్ జీవితం మీద కలిసి సినిమా తీస్తే అది పరిశోధన అవుతుందా? ఇంటర్వ్యూలు సరిపోవా?

సరిపోవు. పదేళ్లు ఇంటర్వ్యూలే చేశాను కాబట్టి ధైర్యంగా చెబుతున్నా. అందులోనూ యూనివర్సిటీ వాళ్లను ఇంటర్వ్యూ చేయడం మరీ దండగ. ప్రశ్న పూర్తి కాకముందే మీ పేపర్‌లో ఏం రాబోతోందో పసిగట్టి, దానికి సరిపడా జవాబు ఇచ్చేస్తారు. నేనూ ఆ బాపతే.

మేం నలుగురం ఆడవాళ్లం కలిసి ఇరవై నిమిషాల సినిమా తీశాం. ఒకరు మాట్లాడుతుంటే ఒకరు కెమెరా, ఇంకొకరు సౌండ్, తర్వాత వంతులు మారడం. ఎవరైనా తనది ఏ ముక్క వద్దన్నా తీసేయాలన్నది రూలు. ఇది మా తెలివేం కాదు. 1967లో కెనడాలోని ఫోగో దీవిలో అక్కడి ప్రభుత్వ సినిమా సంస్థ నేషనల్ ఫిల్మ్ బోర్డ్ తరఫున కోలిన్ లో (Colin Low) అనే దర్శకుడు జాలరి కుటుంబాలను చిత్రీకరించి, తీసింది ముందు వాళ్లకే చూపించి, వాళ్లు సరేనన్నాకే బయట చూపించాడు.

ఆ రోజు మా సీనియర్ మేడమ్ వంతు. కమిటీ మీటింగ్ మినిట్స్ రాసే పని ఎప్పుడూ ఆడవాళ్ల నెత్తినే పడుతుందని మొదలుపెట్టి, "ఈమధ్య కుదరదని మొహం మీదే చెప్పేస్తున్నా" అని ముగించారు. షాట్ బ్రహ్మాండంగా వచ్చింది. ఇంతలో ఫోన్ మోగితే కారిడార్‌లోకి వెళ్లారు, కాలర్ మైక్ తీయకుండానే. హెడ్‌ఫోన్స్ నా చెవులకున్నాయి.

"చెప్పండి సార్... అయ్యో, పర్లేదు సార్... శనివారమా?... సరే సార్, నేనే రాసిచ్చేస్తా."

గొంతే మారిపోయింది. సన్నగా, ఇంటర్ చదివే పిల్ల గొంతులా. ఆపేయాలని తెలుసు. వేలు బటన్ మీదే ఉంది, నొక్కలేదు.

ఆవిడ రాగానే చెప్పేశాను. విన్నారు. "ఇది సినిమాలో ఉండకూడదు" అన్నారు. సరే, పక్కన పెట్టాం. మూడు వారాల తర్వాత ఎడిటింగ్‌లో తన ఇంటర్వ్యూ ముక్క నాలుగోసారి చూస్తూ, "ఇదెవరో ఉపన్యాసం ఇస్తున్నట్టుంది. ఆ ఫోన్ కాల్ ఉందా?" అని ఆవిడే అడిగారు. ఇప్పుడు ఖాళీ కుర్చీ షాట్ మీద ఆ గొంతు వస్తుంది. రెండూ పక్కపక్కనే ఉన్నాయి, మధ్యలో మా వ్యాఖ్యానం లేదు. ఏ ప్రశ్నావళీ దీన్ని పట్టుకోలేదు, నాదీ పూచీ.

అసలు తలనొప్పి ఆఫీసులతో. పరిశోధనలకు అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీ ఫారంలో "పాల్గొన్నవారి వివరాలు గోప్యంగా ఉంచబడును" అని ఉంటుంది, మా మొహాలేమో తెర నిండా! పరిశోధకురాలి సంతకం, పాల్గొన్నవారి సంతకం రెండూ నావే. అంటే నాకు నేనే అంగీకారపత్రం రాసిచ్చుకున్నాను. వార్షిక నివేదికలో సినిమాకి గడి లేదు. "ఇతరములు"లో పెట్టమన్నారు. పోనీ అని పెడితే, మొదటి రచయిత ఎవరని అడిగారు. నలుగురమూ అంటే ఆ కంప్యూటర్ ఒప్పుకోదట. ఏడాది పని అది! ఆ ఏడాదిలో ఓ రెండు పేపర్లు రాసుకుని ఉంటే ఈ గోల ఉండేది కాదు. అయినా మళ్లీ తీస్తాను.

డిపార్ట్‌మెంట్‌లో వేసినప్పుడు ఒకాయన చెయ్యెత్తి, "బాగుంది, కానీ డేటా ఎక్కడ?" అన్నారు. తర్వాత అరగంట చర్చ నడిచింది. ఎవరేమన్నారో అన్నీ నా నోట్‌బుక్‌లో ఉన్నాయి. రాయమని ఎవరూ అడగలేదు కూడా.