పెళ్ళి వీసా: జీతం లెక్క, ఇంటర్వ్యూ మాట

అమెరికాలో ఉన్న భర్త లేదా భార్య దగ్గరికి వెళ్ళేందుకు దరఖాస్తు చేస్తున్న కుటుంబాల ప్రశ్నలకు ఈసారి జవాబులిస్తున్నాం. ఆదాయం అంకెలన్నీ 2025 పేదరిక రేఖ పట్టికలోవి. ఈ పట్టిక ఏటా మారుతుంది కాబట్టి, సంతకం పెట్టే నాటికి అమల్లో ఉన్న ఐ-864పి కాగితం చూసుకోండి. అలాస్కా, హవాయి రాష్ట్రాలకు లెక్క వేరు.

*ప్రశ్న: మా అల్లుడు అమెరికా సిటిజన్, డల్లాస్‌లో ఉంటాడు. నిరుడు కొన్ని నెలలు ఉద్యోగం లేక పన్ను రిటర్న్‌లో 31,000 డాలర్లే కనిపిస్తోంది. ఇప్పుడు 78,000 డాలర్ల జీతం. భార్యాభర్తలిద్దరికీ 26,437 డాలర్లు చాలన్నారు. అయినా ఆదాయం చాలకపోవచ్చని ఎన్‌వీసీ (వీసా కాగితాలు పరిశీలించే అమెరికా కేంద్రం) రాసింది. మూడేళ్ళ కిందట తన అమ్మానాన్నలకూ అతనే గ్రీన్‌కార్డు తెప్పించాడు. వాళ్ళు ఇప్పుడు చిన్నకొడుకు ఇంట్లో ఉంటున్నారు. ఎక్కడ తప్పు జరిగింది? (గుంటూరు నుంచి ఒక తల్లి)*

తప్పు జీతంలో లేదమ్మా, మనుషుల లెక్కలో ఉంది. ఆర్థిక పూచీ పత్రం ఐ-864లో కుటుంబ సంఖ్య అంటే ఒక కప్పు కింద ఉన్నవాళ్ళు మాత్రమే కాదు. పూచీ ఇచ్చే వ్యక్తి, ఆయన మీద ఆధారపడ్డ పిల్లలు, ఇప్పుడు రాబోయే మీ అమ్మాయి, వీళ్ళతో పాటు గతంలో ఇదే పత్రంతో తెప్పించినవాళ్ళు కూడా ఆ పూచీ ముగిసేవరకూ లెక్కలోకి వస్తారు. కాబట్టి తమ్ముడి ఇంట్లో ఉన్నా మీ వియ్యంకుడు, వియ్యపురాలు ఇద్దరినీ కలపాల్సిందే. మొత్తం నలుగురు. నలుగురికి కావలసింది పేదరిక రేఖకు 125 శాతం, అంటే 40,187 డాలర్లు. నిరుటి 31,000 ఇద్దరికి సరిపోతుంది గానీ నలుగురికి చాలదు.

అయితే కంగారు పడకండి. చట్టం ముఖ్యంగా చూసేది ఇప్పటి ఏడాది ఆదాయాన్ని. పన్ను రిటర్న్ దానికి ఒక ఆధారం మాత్రమే. ఫారంలో కుటుంబ సంఖ్య 4 అని, ప్రస్తుత ఆదాయం 78,000 అని సరిచేసి, మళ్ళీ సంతకం పెట్టి అప్‌లోడ్ చేయమనండి. దానికి కంపెనీ ఇచ్చే లెటర్ జతచేయాలి. అందులో చేరిన తేదీ, హోదా, ఏడాది జీతం, పర్మనెంటో కాంట్రాక్టో స్పష్టంగా ఉండాలి. చేరినప్పటి నుంచి వచ్చిన పే స్లిప్పులు, ఐఆర్ఎస్ (అమెరికా పన్ను శాఖ) నుంచి ఉచితంగా దొరికే టాక్స్ ట్రాన్‌స్క్రిప్ట్, డబ్ల్యూ-2 (కంపెనీ ఇచ్చే ఏడాది జీతం పత్రం) కూడా పెట్టాలి. నిరుడు ఆదాయం ఎందుకు తగ్గిందో నాలుగు వాక్యాల వివరణ రాస్తే ఆఫీసర్‌కి ఊహించుకునే పని ఉండదు. సొంతంగా కాంట్రాక్టు పని చేసేవారైతే మొత్తం బిల్లులు కాకుండా, ఖర్చులు పోగా షెడ్యూల్ సి (సొంత పని లాభనష్టాల పన్ను ఫారం) లో మిగిలిన లాభమే ఆదాయం. చాలామంది పడిపోయేది ఇక్కడే.

ఇంకొక చిన్న సంగతి. సంతకం పెన్నుతో పెట్టి స్కాన్ చేయాలి. పేరు టైప్ చేసి పంపితే వెనక్కి వస్తుంది. ఇంటర్వ్యూ ఏప్రిల్ 15 తర్వాత పడితే కొత్త ఏడాది రిటర్న్ కూడా చేతిలో ఉండాలి.

*ప్రశ్న: మా తమ్ముడి ఆదాయం తక్కువ. భార్యను తీసుకెళ్ళడానికి జాయింట్ స్పాన్సర్‌గా (అదనపు పూచీదారుగా) సంతకం పెట్టమని మా బావగారిని అడుగుతున్నాం. "ఉత్త ఫార్మాలిటీయే" అని చెప్పాం. నిజమేనా? (వరంగల్)*

కాదు. ఆ మాట వెనక్కి తీసుకుని, అసలు సంగతి ఆయనకు చెప్పి, ఆ తర్వాతే సంతకం అడగండి. ఇది అమెరికా ప్రభుత్వంతో చేసుకునే ఒప్పందం, కోర్టులో చెల్లుతుంది. మీ మరదలు గ్రీన్‌కార్డు పొందాక ఆదాయం చూసి ఇచ్చే ప్రభుత్వ సాయం తీసుకుంటే, ఆ సొమ్ము బావగారి దగ్గర వసూలు చేయవచ్చు. పోషణ కోసం ఆమె స్వయంగా ఆయన మీద దావా వేయడానికీ హక్కుంది. ఈ బాధ్యత ముఖ్యంగా నాలుగు విధాలుగా తీరుతుంది: ఆమె సిటిజన్ కావడం, ఆమె ఖాతాలో 40 క్వార్టర్ల పని (సుమారు పదేళ్ళు) జమ కావడం, గ్రీన్‌కార్డు వదులుకుని దేశం విడిచిపోవడం, లేదా ఇద్దరిలో ఒకరి మరణం. విడాకులతో తీరదు. మన ఇళ్ళలో ఎవరూ ముందుగా మాట్లాడుకోనిది ఇదే, తర్వాత బంధుత్వాలు చెడేదీ ఇక్కడే. మనసు మారితే వీసా ఇవ్వకముందే రాతపూర్వకంగా తప్పుకోవాలి. తర్వాత కుదరదు. ఇల్లు మారిన ప్రతిసారీ 30 రోజుల్లో ఐ-865 (చిరునామా మార్పు ఫారం) పంపడం కూడా ఆయన బాధ్యతే.

అర్హత విషయానికొస్తే, ఆయన సిటిజన్ గానీ గ్రీన్‌కార్డుదారు గానీ అయి అమెరికాలోనే నివసిస్తూ ఉండాలి. హెచ్-1బి మీద జీతం ఎంతున్నా పనికిరాదు. ఆయన ఇంట్లో నలుగురుంటే మీ మరదలితో ఐదుగురు, అంటే 47,062 డాలర్లు. మీ తమ్ముడి జీతం కొంత, ఆయన జీతం కొంత కలిపి చూపడం కుదరదు. ఆయన ఒక్కడే ఆ అంకె దాటాలి. ఒకే ఇంట్లో ఉన్న ఆయన భార్యకు ఉద్యోగం ఉంటే మాత్రం ఐ-864ఎ (ఇంటి సభ్యుల ఒప్పంద పత్రం) మీద ఆమె సంతకంతో ఆ జీతం కలుపుకోవచ్చు. ఇంతా అయ్యాక, ఆదాయం సున్నా అయినా సరే మీ తమ్ముడు తన ఐ-864 విడిగా ఇవ్వాల్సిందే. అది లేక ఆగిపోయే ఫైళ్ళు చాలా ఉంటాయి.

*ప్రశ్న: మా వారి ఆదాయం 20,000 డాలర్లు. ఆయన సిటిజన్. హైదరాబాద్‌లో నా పేరున ప్లాటు ఉంది, చూపవచ్చా? (రాజమండ్రి)*

చూపవచ్చు. సిటిజన్ భార్యకు లోటుకు మూడు రెట్లు ఆస్తి చాలు: ఇద్దరికి కావలసిన 26,437 లోంచి 20,000 తీస్తే 6,437, దానికి మూడు రెట్లు 19,311 డాలర్లు. గ్రీన్‌కార్డుదారు భార్య అయితే ఐదు రెట్లు. రిజిస్టర్డ్ డీడ్, తాజా ఈసీ, వాల్యూయర్ నివేదిక పెట్టండి, తెలుగు కాగితాలకు ఇంగ్లీషు అనువాదం జతచేయండి. ఏడాదిలోపు అమ్మి డబ్బు చేయగలిగేదై, ఆ డబ్బు అమెరికాకు పంపగలిగేదై ఉండాలి. ప్లాటు మీద బ్యాంకు అప్పుంటే అది తీసేసి మిగిలినదే విలువ. నాన్నగారి పేరున ఉన్న పొలం లెక్కలోకి రాదు.

*ప్రశ్న: పెళ్ళిచూపులైన పన్నెండు రోజులకే పెళ్ళి. మూడు వారాలకు ఆయన వెళ్ళిపోయారు. ఇంటర్వ్యూలో అనుమానిస్తారా? ఆయన రావాలా? (ఏలూరు)*

హైదరాబాద్‌లో కాన్సులేట్ ఉన్నా ఈ ఇంటర్వ్యూకి మీరు ముంబై వెళ్ళాలి. ఆయన రానక్కర్లేదు. పెద్దలు కుదిర్చిన పెళ్ళిళ్ళు అక్కడి ఆఫీసర్లకు కొత్త కాదు, పన్నెండు రోజులన్నది ఒక్కటే మిమ్మల్ని ముంచదు. కాగితం ఒక మాట, నోరు ఒక మాట చెప్పినప్పుడే అనుమానం మొదలవుతుంది.

మన పెళ్ళిళ్ళలో తరచూ దొర్లే తేడా ముహూర్తం దగ్గర వస్తుంది. శుభలేఖలో "14 రాత్రి, తెల్లవారితే 15" అని ఉంటుంది. తాళి కట్టింది అర్ధరాత్రి దాటాక. ఐ-130లో (భార్య కోసం వేసే పిటిషన్) ఆయన 14 అని రాస్తారు, మ్యారేజ్ సర్టిఫికెట్‌లో 15 ఉంటుంది, మీరు డీఎస్-260లో (వీసా దరఖాస్తు ఫారం) ఇంకోటి రాస్తారు. సర్టిఫికెట్‌లో ఉన్న పెళ్ళి తేదీనే అన్నిచోట్లా వాడండి. రిజిస్ట్రేషన్ తేదీని పెళ్ళి తేదీ అనుకోవద్దు. ఇంటిపేరు తంటా కూడా ఇలాంటిదే. పదో తరగతి మెమోలో ఇనిషియల్, పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరు ఉంటే, రెండూ ఒకరివేనని అఫిడవిట్ సిద్ధం చేసుకోండి. పుట్టినప్పుడు జననం నమోదు కాకపోతే మున్సిపాలిటీ లేదా పంచాయతీ నుంచి నమోదు లేదన్న పత్రం, దాంతోపాటు మెమో, తల్లిదండ్రుల అఫిడవిట్లు తీసుకెళ్ళాలి.

అడిగేవి మామూలు ప్రశ్నలే: సంబంధం ఎవరు తెచ్చారు, మొదట ఎక్కడ కలిశారు, ఆయన ఏం పని చేస్తారు, ఎవరితో ఉంటున్నారు, ఇంతకుముందు పెళ్ళయిందా, మళ్ళీ ఎప్పుడు వచ్చారు. బట్టీ పట్టకండి. బట్టీ పట్టిన జవాబుకు రెండో ప్రశ్న వేస్తే నిలవదు. తెలియనిది తెలియదనండి. ఆయనకు మొదటి పెళ్ళి ఉంటే డిక్రీ కాపీ మీ దగ్గర ఉండాలి, కారణం మీకు తెలిసుండాలి. మీకు గతంలో వీసా తిరస్కరించి ఉంటే దాచకండి, వాళ్ళ రికార్డుల్లో ఉంటుంది.

ఆల్బమ్ అంతా మోయక్కర్లేదు. నిశ్చితార్థం నుంచి అప్పగింతల దాకా, ఇరువైపుల బంధువులూ కనబడేలా పదిహేను ఇరవై ఫొటోలు చాలు. శుభలేఖ, మండపం రసీదు, ఆయన ప్రయాణాల బోర్డింగ్ పాసులు, నెలకొకటి చొప్పున కాల్ లాగ్ పేజీలు, ఆయన బీమాలో నామినీగా మీ పేరున్న కాగితం తీసుకెళ్ళండి. పెళ్ళయ్యాక గడిచిన నెలల ఆధారాలకే బరువు ఎక్కువ. 221(జి) అని (ఇంకా కాగితాలు కావాలని చెప్పే) స్లిప్ ఇస్తే ఫైలు పూర్తిగా మూసేసినట్టు కాదు. దాని మీద టిక్ పెట్టిన కాగితాలు, అవి మాత్రమే, చెప్పిన దారిలో పంపండి.

*ప్రశ్న: నేను అమెరికాలోనే ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) మీద ఉన్నాను. సిటిజన్‌ను పెళ్ళి చేసుకుని ఐ-485 (అమెరికాలోనే ఉండి గ్రీన్‌కార్డు కోరే దరఖాస్తు) వేశాను. నేనొక్కదాన్నే ఇంటర్వ్యూకి వెళ్తే చాలా?*

చాలదు, ఇద్దరూ వెళ్ళాలి. అనుమానం వస్తే విడివిడిగా కూర్చోబెట్టి ఒకే ప్రశ్నలు అడుగుతారు. ఉమ్మడి లీజు, బ్యాంకు ఖాతా స్టేట్‌మెంట్లు, కలిపి వేసిన పన్ను రిటర్న్ ఉంచుకోండి. కార్డు వచ్చేనాటికి పెళ్ళయి రెండేళ్ళు నిండకపోతే రెండేళ్ళ కార్డే ఇస్తారు. దాని గడువు తీరే ముందు 90 రోజుల్లో ఇద్దరూ కలిసి ఐ-751 (కార్డు మీది షరతులు తీసేయమని కోరే ఫారం) వేయాలి, కాబట్టి ఆ కాగితాలు ఇంటర్వ్యూతో ఆపకుండా పోగుచేస్తూ ఉండండి.