వంటంటే ఇష్టం ఉంటే షెఫ్ అయిపోవచ్చా?

ప్రశ్న: "నాకు వంటంటే ప్రాణం. ఇంట్లో అందరూ నా చేతి వంట మెచ్చుకుంటారు. ఇప్పుడున్న ఉద్యోగం మానేసి షెఫ్ అవుదామనుకుంటున్నాను. ఈ వృత్తి నిజంగా ఎలా ఉంటుంది?"

నేను 13 ఏళ్లుగా హోటల్ వంటగదుల్లోనే ఉన్నాను. గిన్నెలు కడిగే చోట మొదలుపెట్టి ఇప్పుడు సూ షెఫ్‌గా, అంటే హెడ్ షెఫ్ తర్వాతి స్థానంలో, చేస్తున్నాను. మీ ప్రశ్న చదవగానే నాకు గుర్తొచ్చింది ఒక రాత్రి నేను చల్లార్చకుండా వదిలేసిన గిన్నె. దాని సంగతి చెప్తాను, ఎందుకంటే మీరు అడిగినదానికి నా దగ్గరున్న అసలు జవాబు అదే.

ఇంట్లో మనకు నచ్చింది, నలుగురికి, మనసు బాగున్నప్పుడు వండుతాం. హోటల్లో కామీగా, అంటే వంటవాళ్లలో అన్నిటికన్నా కింది మెట్టులో, చేసిన మొదటి ఏడాదంతా నేను పొయ్యి ముందు నిలబడింది చాలా తక్కువ. పొద్దున్నే వచ్చి 20 కిలోల ఉల్లిపాయలు ఒకే సైజులో తరగడం నా పని. ముక్కల్లో తేడా వస్తే చిన్నవి మాడేసరికి పెద్దవి పచ్చిగానే ఉంటాయి, అందుకని సైజు తప్పితే మళ్లీ తరిగించేవారు. సర్వీస్ మొదలయ్యేలోపు అన్నీ తరిగి, కొలిచి, చూడకుండానే చేతికి అందేలా సర్దుకోవడాన్ని ఫ్రెంచివాళ్ల మాటలో మీజాన్ ప్లాస్ అంటారు. ఈ ఉద్యోగంలో ముప్పాతిక వంతు అదే. నాతోపాటు చేరిన ఏడుగురికీ వంటంటే చాలా ఇష్టం. ఇప్పుడు వంటగదిలో మిగిలింది ఇద్దరమే.

ఇక ఆ రాత్రి సంగతి. నేను చేరి ఎనిమిది నెలలైంది. శనివారం, హాలు మూడుసార్లు నిండి ఖాళీ అయింది. మధ్యాహ్నం నుంచి వెనక బర్నర్ మీద 60 లీటర్ల గిన్నెలో ఎముకల స్టాక్, అంటే ఎముకలు ఉడికించి తీసే రసం, సన్నమంట మీద ఉడుకుతోంది. మర్నాటి సాస్‌లు, సూప్‌లు అన్నీ దానితోనే. పన్నెండు దాటాక అప్పటి సూ షెఫ్ ఇంటికి వెళ్తూ "వడకట్టి, చల్లార్చి, వాకిన్‌లో పెట్టు. టెంపరేచర్ రాసి సంతకం చెయ్యి" అన్నారు. వాకిన్ అంటే మనిషి నడిచి వెళ్లేంత పెద్ద కోల్డ్ రూమ్.

చల్లార్చడానికి ఒక పద్ధతి ఉంది. 57 డిగ్రీల నుంచి 21కి రెండు గంటల్లో దిగాలి, అక్కడి నుంచి 5కి ఇంకో నాలుగు గంటల్లో దిగాలి. లోతైన గిన్నెలో ఉంచితే అంత త్వరగా దిగదు. లోతు తక్కువ ఉన్న ట్రేలలోకి పంచి, ఐసు నీళ్లలో పెట్టి కలుపుతూ ఉండాలి. 21 లోపు దిగిందని ప్రోబ్ థర్మామీటర్‌తో చూసుకున్నాకే మా దగ్గర వాకిన్‌లో పెట్టనిస్తారు. ఇదంతా నాకు తెలుసు. కానీ ఐస్ మెషీన్ ఖాళీగా ఉంది. చివరి బస్సుకి పావుగంటే ఉంది. పాదాలు వాచి బూట్లు బిగుసుకుపోయాయి. మూత పెట్టి, గిన్నెని ట్రాలీ మీద అలాగే లోపలికి తోసేశాను. లాగ్ షీట్‌లో 19 అని రాసి సంతకం పెట్టాను.

పొద్దున తొమ్మిదింటికి వెళ్లేసరికి ఆయన వాకిన్‌లో గిన్నె పక్కన నిలబడి ఉన్నారు. మూత తీసి ఉంది. పైన చిన్న చిన్న బుడగలు, పులిసిన వాసన. ప్రోబ్‌ని గిన్నె మధ్యలోకి దించి నాకు చూపించారు. 38 డిగ్రీలు. రాత్రంతా ఆ గిన్నె గదిని కూడా వేడెక్కించింది, పక్క అరల్లోని పాలు, క్రీమ్, చేపలు ఇక వాడటానికి లేదు.

ఆయన అరవలేదు. లాగ్ షీట్ నా చేతిలో పెట్టి, "ఈ 19 ఎక్కడి నుంచి వచ్చింది తమ్ముడూ?" అని అడిగారు. నేను మాట్లాడలేకపోయాను. కాసేపటికి "మళ్లీ బాగా మరిగిస్తే సరిపోదా షెఫ్?" అన్నాను. ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

సరిపోదు. కొన్ని బాక్టీరియాల స్పోర్లు, అంటే గట్టి పెంకు కట్టుకుని నిద్రపోతున్నట్టు ఉండే రూపాలు, మరుగుతున్న నీళ్లలో కూడా చావవు. గిన్నె గోరువెచ్చగా ఉన్న గంటల్లో అవి మేల్కొని విపరీతంగా పెరుగుతాయి. క్లోస్ట్రిడియం పెర్‌ఫ్రింజెన్స్ అలాంటిదే. మాంసం, గ్రేవీలు పెద్ద గిన్నెల్లో మెల్లగా చల్లారితే దానికి అంతకంటే అనువైన చోటు ఉండదు. ఇంకొన్ని బాక్టీరియాలు వదిలే విషాలు ఎంత మరిగించినా పోవు. ఆయన ఇదంతా ఓపిగ్గా చెప్పి, చివర్లో "ఎవరికైనా వాంతులు పట్టుకుంటే సంతకం నీది, బాధ్యత నాది. కానీ ఆసుపత్రికి వెళ్లేది వాళ్లు" అన్నారు.

ఆ 60 లీటర్లూ బకెట్లతో మోసి నేనే పారబోశాను. ఆ మధ్యాహ్నం మెనూలో ఆరు ఐటమ్‌లు లేవని సర్వర్లు ప్రతి టేబుల్ దగ్గరా చెప్పుకోవాల్సి వచ్చింది. నా జీతంలో ఏమీ కోయలేదు. నెల రోజులపాటు మాత్రం ప్రతి రాత్రీ లాగ్ షీట్ నాచేతే రాయించి, ప్రతి అంకెనీ ఆయన మళ్లీ ప్రోబ్ పెట్టి సరిచూసేవారు. నేను షెఫ్‌ని అయ్యింది ఆ నెలలోనే అని గట్టిగా నమ్ముతాను. రుచి ఎవరికైనా నేర్పొచ్చు. రాత్రి పన్నెండున్నరకి, ఒళ్లు హూనమై, చుట్టూ ఎవరూ లేనప్పుడు ఐసు కోసం పక్క ఫ్లోర్‌కి వెళ్లి తెచ్చుకునే మనిషిని తయారుచేయడం కష్టం.

టీవీ వంట పోటీలంటే నాకు ఒళ్లు మండేది ఇందుకే. ఒక మనిషి, ఒక ప్లేటు, పైన తిరిగే గడియారం. ఎగ్జాస్ట్ హుడ్ ఫిల్టర్లకి పట్టిన జిడ్డు గీకడం, డ్రెయిన్ జాలీ ఎత్తి కడగడం, కొత్త సరుకు వెనక్కీ పాత సరుకు ముందుకీ జరపడం ఎప్పుడైనా చూపించారా? అవి చూసి వచ్చిన పిల్లలు మొదటి వారంలోనే "నా డిష్ ఎప్పుడు చేయనిస్తారు?" అని అడుగుతారు. వాళ్ల తప్పు లేదు, వాళ్లకి చూపించింది అది. సొంత డిష్ అనే రోజు వస్తుంది, ఏళ్ల తర్వాత. అప్పుడు కూడా ముందుగా వేసేది ఖర్చు లెక్క. అమ్మే ధరలో సరుకుల ఖర్చు మూడోవంతు దాటుతోందంటే ఎంత రుచిగా ఉన్నా అది మెనూలోకి రాదు. నా రోజులో సగం ఇప్పుడు ఆర్డర్ షీట్లు, డ్యూటీ రోస్టర్లు, వేస్టేజ్ లెక్కల ముందే గడుస్తుంది.

శరీరం గురించి కూడా తెలుసుకుని రండి. రోజుకి పది, పన్నెండు గంటలు నిలబడే ఉంటాం. బ్రేక్ షిఫ్ట్ అయితే లంచ్‌కీ డిన్నర్‌కీ మధ్య ఇచ్చే మూడు గంటల్లో ఇంటికి వెళ్లి రావడమే సరిపోతుంది, నిద్ర పట్టదు. అందరికీ సెలవైన రోజే మనకు పని ఎక్కువ. మా పాప మొదటి నాలుగు పుట్టినరోజుల్లో మూడింటికి నేను ఇంట్లో లేను, అది మళ్లీ తెచ్చుకోలేను. కాలిన చోట 20 నిమిషాలు పారే చల్లటి నీళ్లు పోయాలి, ఐసు పెట్టకూడదు. సర్వీస్ మధ్యలో ఆ 20 నిమిషాలు నాకు ఎవరూ ఇవ్వలేదు. నా కింద పనిచేసే పిల్లలకి నేను ఇస్తున్నాను, ఆర్డర్ టికెట్లు ఎన్ని పేరుకున్నా సరే.

అరవడం, తిట్టడం ఈ వృత్తి సంప్రదాయం అని చెప్పేవాళ్లు మీకు చాలామంది తగులుతారు. నమ్మకండి. కామీ, ఒక్కో విభాగం చూసుకునే షెఫ్ ద పార్టీ, సూ షెఫ్, పైన హెడ్ షెఫ్ అనే ఈ అంచెల పద్ధతిని స్థిరపరిచింది ఫ్రెంచి షెఫ్ ఆగస్త్ ఎస్కోఫియే. 13 ఏళ్లకే నీస్‌లో బంధువు రెస్టారెంట్‌లో పనికి కుదిరి, 1870 యుద్ధంలో ఫ్రెంచి సైన్యానికి వండిన మనిషి. 1890లో లండన్ సావోయ్ హోటల్‌కి వచ్చాక సైన్యంలోని క్రమాన్ని వంటగదికి తెచ్చాడు. దాంతోపాటే అక్కడ బూతులు, తాగుడు మాన్పించి, వేడికి తట్టుకోవడానికి బార్లీ పానీయం ఏర్పాటు చేశాడు. అంచెలు ఆయన దగ్గర నేర్చుకుని మర్యాద వదిలేసినవాళ్లు సంప్రదాయం పేరెత్తడం నాకు నచ్చదు. ట్రయల్ అని చెప్పి వారం రోజులు జీతం లేకుండా పనిచేయించుకునే చోట కూడా ఉండకండి. ఒక పూట చూస్తే చాలు, మనిషి చేతి పని తెలిసిపోతుంది.

ఇన్ని చెప్పి నేనెందుకు ఉన్నానంటే, సర్వీస్ నడుమ ఒక గంట వస్తుంది. టికెట్లు ఆగకుండా వస్తుంటాయి, గ్రిల్ దగ్గరివాడు తల తిప్పకుండానే నాకు కావాల్సిన ట్రే జరుపుతాడు, ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు, ఎనిమిది జతల చేతులు ఒకే మనిషివిలా కదులుతాయి. ఆ గంట నాకు ఇంకెక్కడా దొరకలేదు.

కాబట్టి ఇప్పుడే రాజీనామా చేయకండి. రెండు నెలలు మీ సెలవు రోజుల్లో ఏదైనా వంటగదిలో జీతానికే హెల్పర్‌గా చేరండి. శుక్ర, శనివారం రాత్రులే అడిగి తీసుకోండి, ఖాళీ రోజుల్లో వెళ్తే ఏమీ తెలియదు. సర్వీస్ అయ్యాక వెళ్లిపోకుండా క్లోజింగ్ దాకా ఉండండి. మొదటి రోజుకి కత్తులేమీ కొనక్కర్లేదు, జారని అడుగున్న బూట్లు మాత్రం కొనుక్కోండి. సాయంత్రం పూట వెళ్లి కొనండి, ఆ వేళకి పాదాలు కాస్త వాచి ఉంటాయి, సరైన సైజు అప్పుడే తెలుస్తుంది.