చిన్నీకి, ఆ ఎడారి నవల గురించి

చిన్నీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి గంటసేపు మీ నాన్న షుగర్ గురించి చెప్పింది, ఇక పెట్టేస్తాననగా "అన్నట్టు ఇది ఎడారి జంతువుల మీద పిల్లల నవల రాస్తోందంటక్కా, మే నెల్లో లీవ్ పెట్టి జైసల్మేర్ పోతుందంట" అని పక్కింటి సంగతి చెప్పినట్టు చెప్పింది. నాకింక నిద్ర పడితే ఒట్టు. మన ఇంట్లో ఒక పిల్ల నవల రాస్తోంది అని సంతోషం, మే నెల అనగానే గుండె దడ. బుద్ధుందా అసలు నీకు? మే నెల్లో ఎండెక్కేసరికి అక్కడ సాండా బల్లి కూడా బొరియలో దూరి పడుకుంటుంది, నువ్వు కెమెరా మెడకేసుకుని దిబ్బలెక్కుతావా?

1986లో మీ పెదనాన్నకి అక్కడికి ట్రాన్స్‌ఫర్ అయినప్పుడు నేనూ ఇలాగే ఎగిరి గంతేశాను. నాలుగేళ్లున్నాం. మొదటి వేసవిలో వచ్చిన ఆంధీకి, అదే ఇసుక తుఫానుకి, మూసిన కిటికీల్లోంచి కూడా ఇసుక లోపలికొచ్చి పప్పులో పడింది, ఆ పప్పు పళ్ల కింద కరకరలాడుతుంటే ఏడ్చుకుంటూ తిన్నాను. అది రాసుకో, పనికొస్తుంది.

రోజూ కాసేపైనా రాయి, రాసింది పైకి చదువుకో, నోట్‌బుక్ జేబులో పెట్టుకో. ఇవన్నీ నీకు తెలుసులే. ఒంటె మూపురంలో ఉండేది నీళ్లు కాదు, కొవ్వు. ఆ ఒక్క తప్పు రాశావంటే మాత్రం నీతో మాట్లాడను.

నువ్వు మీ అమ్మకి పంపిన మొదటి చాప్టర్ నాకు ఫార్వర్డ్ చేసింది, తిట్టుకోకు. భాష బాగుంది. కానీ ఆ నక్కపిల్లకి ఎంత తాగినా అయిపోని మాయకుండ ఎందుకిచ్చావే? ఎడారిలో దాహం తీరిపోయాక ఇంక కథేముంది, అది ఇంట్లో కూర్చోవచ్చు కదా. అక్కడ భట్‌తీతర్ అని ఒక పిట్ట ఉంటుంది, మట్టిరంగులో, నేల మీద కూర్చుంటే కనబడదు. దాని మగపిట్ట నీళ్లగుంట దగ్గరికి ఎంతో దూరం ఎగిరిపోయి, నీళ్లలో పొట్ట ముంచి, ఆ ఈకల్లో నీళ్లు పట్టుకుని మళ్లీ అంత దూరం ఎగిరొస్తుంది, పిల్లలు వాళ్ల నాన్న పొట్ట కింద దూరి ఆ ఈకల్ని చీకుతాయి. దారిలో ఆరిపోగా మిగిలిందే వాటికి. నీ మాయకుండ దీనిముందు ఏపాటిదో నువ్వే చెప్పు.

ఇప్పుడొక విషయం చెప్తాను, మీ పెదనాన్నకి తప్ప ఎవరికీ చెప్పలేదు. సాండా అంటే తెలుసు కదా, ముళ్ల తోక ఉంటుందే, ఆ బల్లి. చూడ్డానికి రాక్షసిలా ఉంటుంది గానీ తినేది ఆకులూ పువ్వులూ. బొరియలోకి పోయి లోపల్నుంచి మట్టితో మూతి మూసేసుకుంటుంది, బయటి నుంచి చూస్తే అక్కడొక ఇల్లుందని కూడా తెలీదు, చలికాలమంతా అలా లోపలే నిద్రపోతుంది. నాకు అప్పుడు కథల పిచ్చి. సాండా హీరోగా ఒక కథ మొదలుపెట్టాను, లోపల ఎలా పడుకుంటుందో చూడకుండా ఎలా రాస్తాను అని పట్టుదల. మా క్వార్టర్స్‌కి పాలు తెచ్చే కుర్రాడికి పది రూపాయలిచ్చి జనవరి నెల్లో ఒక బొరియ తవ్వించాను. వాడు వద్దు అన్నాడు, నేను ఇంకో ఐదిచ్చాను. తవ్వేకొద్దీ అది వంకర తిరుగుతూ పోయింది, పొద్దున మొదలెడితే మధ్యాహ్నమైంది. చివరికి దొరికింది, కళ్లు మూసుకుని, చేతిలో పెట్టుకుంటే నదిలో రాయిలా చల్లగా. అయ్యో చలేస్తోందేమో అని, చూడు నా తెలివి, బక్కెట్లో ఇసుక పోసి అందులో పెట్టి కుంపటి పక్కన ఉంచాను. సాయంత్రానికి కదిలింది. నాకెంత ఆనందమో! ఆకులేశాను తినలేదు, శనగలేశాను తినలేదు, రెండు రోజులు బక్కెట్ గోడని గోళ్లతో గీకుతూనే ఉంది, రాత్రంతా ఆ చప్పుడే. మూడో రోజు భయమేసి తిరిగి తీసుకెళ్లాను. తీసుకెళ్తే బొరియేది? మేం తవ్విన గుంట ఉంది అంతే. అందులోనే దించి, పైన గోనెసంచి కప్పి, నాలుగు రాళ్లు పెట్టి వచ్చేశాను. తెల్లారి పోతే సంచి అవతల పడుంది, చుట్టూ నక్క అడుగులు, గుంటలో ఏమీ లేదు.

ఆ పాలబ్బాయి వాళ్ల నానమ్మ నన్ను తిట్టలేదు, తిట్టినా బాగుండేది. "తలుపేసుకుని పడుకున్నవాణ్ణి చూడాలనుకుంటే తలుపు దగ్గర కూర్చోవాలమ్మా, నువ్వు గోడ కూల్చావు" అంది, అని టీ ఇచ్చింది. కథ మాత్రం రాశాను చిన్నీ. అందులో సాండా వసంతంలో లేచి ఎండలో ఒళ్లు విరుచుకుంటుంది. ఒక పిల్లల పత్రికలో అచ్చయింది, పాతిక రూపాయలు కూడా వచ్చాయి, ఆ సంచిక నీకెప్పుడూ చూపించకపోవడానికి కారణం ఇదే. ఆ తర్వాత ఇంకో కథ రాయలేదు. మీ అమ్మ నాకు పిల్లలతో తీరిక లేక మానేశాననుకుంటుంది.

అందుకే చెప్తున్నా, రీసెర్చ్ అని ఏ బొరియా కదిలించకు, ఎవరికీ డబ్బులివ్వకు, 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం కూడా, అయినా నీకు చట్టంతో చెప్పాలా. రోడ్డు పక్కన సాండాల్ని చంపి వాటి కొవ్వుతో తీసిన సాండా తైలం అమ్మేవాళ్లుంటారు చూడు, దేనికో పిల్లలకి చెప్పనక్కర్లేదు గానీ నీ నవలకి విలన్ కావాలంటే వాడొకడు చాలు.

లోపల ఏముందో మాత్రం నీ ఇష్టం. మూసిన ఆ మట్టి తలుపు వెనక నువ్వు ఊరే కట్టుకో, రాజ్యమే పెట్టుకో, అక్కడ ఫాంటసీ రాస్తే నిన్నెవరూ కాదనరు. తలుపు బయట మాత్రం అబద్ధం వద్దు.

ఇంకోటి గుర్తొచ్చింది. ఫలోదీ దగ్గర ఖీచన్ అనే ఊరుంది, చలికాలం కుర్జాలని కొంగలు ఎక్కడో మంగోలియా వైపు నుంచి వేలకి వేలు వస్తాయి, ఊళ్లోవాళ్లు వాటికి జొన్నలూ అవీ పోస్తారు. అవి వచ్చిన కొన్నాళ్లకి సాండా తలుపేసుకుంటుంది, అది లేచేసరికి ఇవి వెళ్లిపోయే టైమ్. ఒక కుర్జా, ఒక సాండా స్నేహితులైతే ఏడాదికి ఆ అటు కొన్నాళ్లూ ఇటు కొన్నాళ్లే కలుస్తాయి కదా? నాకు ముప్ఫై ఏళ్ల నుంచి ఈ ఆలోచన ఉంది, నువ్వు తీసుకో, నేనింక రాయను.

మన పిల్లలకి ఇదంతా పరాయి దేశంలా ఉంటుందని భయపడకు. ఖేజ్డీ అంటారే, అది మన జమ్మి చెట్టే, పాండవులు ఆయుధాలు దాచింది దాంట్లోనే. వాళ్లు దాని కాయల్ని సాంగ్రీ అని కూర వండుతారు. 1730లో ఖేజడ్లీ అనే ఊళ్లో రాజుగారి మనుషులు ఆ చెట్లు కొట్టడానికొస్తే అమృతాదేవి అనే ఆవిడ చెట్టుని కౌగిలించుకుంది, ఆవిడతో కలిపి బిష్ణోయీ అనే సమాజం వాళ్లు 363 మంది ప్రాణాలిచ్చారు. అక్కడివాళ్లు గోడావణ్ అని పిలిచేది మన బట్టమేక పిట్టనే. చిన్నప్పుడు మా నాన్న కర్నూలు దగ్గర రోళ్లపాడు వైపు తీసుకెళ్లి చూపించాడు, గడ్డిలో మెడ చాచి పెద్దమనిషిలా నడుస్తోంది, ఇప్పుడక్కడ కనబడ్డం గగనమే. నేల మీద ఒక్కటే గుడ్డు పెడుతుంది. ఒళ్లు బరువు, ముందున్నది సరిగ్గా కనబడదు, కరెంటు తీగలకి తగిలి చస్తున్నాయి. పిల్లల నవల్లో చావులెందుకంటావేమో, తీగ మీద ఎవరో ఒకరు కూర్చుని దాన్ని హెచ్చరించే సీనైనా పెట్టు.

రాత్రి చెప్పుల్లేకుండా గడప దాటకు, బూట్లు దులిపి వేసుకో, టార్చ్ తీసుకెళ్లు. చిన్న పింజర పాము ఇసుకలో ఉంటుంది, పొలుసులు రుద్ది రంపం కోసినట్టు చప్పుడు చేస్తుంది, ఆ చప్పుడు వింటే ఉన్నచోటే ఆగిపో. ఒక్కదానివే దిబ్బల్లోకి పోకు, అన్నీ ఒకేలా ఉంటాయి, గాలొస్తే నీ అడుగులు నీకే కనబడవు. నేను అరుస్తున్నానని మీ అమ్మకి చెప్పకు.

మే నెల టికెట్ క్యాన్సిల్ చెయ్యి. హోళీ దాటాక ఎండ ముదరకముందు పోదాం, సాండాలు అప్పుడు బయటికొచ్చి ఎండ కాగుతుంటాయి. అవును, పోదామనే అన్నాను. మోకాళ్లకి పట్టీ వేసుకుంటాలే. రెండు బెర్తులు బుక్ చెయ్యి, నాకు లోయర్.

పెద్దమ్మ