యుద్ధం వల్ల చమురు పనులు ఆగితే పాలకుడికి రావలసిన సొమ్ము కూడా ఆగిపోతుందా?

మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. 1942లో కువైట్‌లో చమురు పనులు నిలిపివేసినప్పుడు, అక్కడి షేక్‌కు కంపెనీ కట్టవలసిన సొమ్మును కూడా ఆపేసే వీలు ఒప్పందంలో ఉందా అన్నది మొదటిది. పని ఆపేసిన కంపెనీని కాదని ఆయన మరొకరిని ఎందుకు పిలవలేదన్నది రెండోది. మొదటి ప్రశ్నకు నా సమాధానం ఇది: టన్నుకు ఇంత అని వచ్చే రాయల్టీ దానంతట అదే ఆగిపోతుంది, కానీ ఏడాదికి ఇంతకు తగ్గకూడదని రాసుకున్న కనీస మొత్తం ఆగదు. ఈ తేడా పట్టుకుంటే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది.

నేను కువైట్‌లోని అహ్మదీలో, రిగ్గులకు మనుషులనూ సామగ్రినీ సమకూర్చే ఒక చిన్న సంస్థలో లెక్కలు చూసేవాణ్ణి. మేము ఒక పెద్ద కాంట్రాక్టరు కింద సబ్‌కాంట్రాక్టు చేసేవాళ్ళం. 2003లో ఇరాక్ యుద్ధానికి ముందు ఉత్తర కువైట్‌లోకి రాకపోకలు బిగించినప్పుడు మా పని కూడా నిలిచిపోయింది. టైంషీటులో పనిగంటల గడి ఖాళీగానూ, పక్కనున్న స్టాండ్‌బై (పని లేకున్నా సిద్ధంగా ఉన్న గంటలు) గడి నిండుగానూ రావడం మొదలైంది. కొద్ది రోజులకే ఆ కాంట్రాక్టరు నుంచి ఫోర్స్ మజూర్ నోటీసు, అంటే మన చేతిలో లేని కారణంతో ఒప్పందం నెరవేర్చలేకపోతున్నామన్న నోటీసు, వచ్చింది. యుద్ధ పరిస్థితి తమ చేతిలో లేదు కాబట్టి స్టాండ్‌బై సొమ్ము కూడా కట్టనక్కర్లేదని దాని సారాంశం. మా మేనేజరు ఒప్పందం కాగితాలు బల్ల మీద పరిచి, ఆ క్లాజు మీద వేలు పెట్టి, "యుద్ధం వల్ల పని చేయలేకపోయామంటే నేను ఒప్పుకుంటాను, బ్యాంకులో ఉన్న డబ్బు పంపలేకపోయామంటే ఎలా ఒప్పుకుంటాను?" అని అడిగారు. ఆ ప్రశ్న మీదే బేరం నడిచి, స్టాండ్‌బై సొమ్ములో చాలా భాగం మాకు వచ్చింది. తర్వాత పాత కువైట్ ఒప్పందం షరతులు చదివినప్పుడు, అందులోనూ ఇదే ప్రశ్న నాకు కనిపించింది.

ఆ ఒప్పందం మీద 1934 డిసెంబరు 23న షేక్ అహ్మద్ అల్ జాబర్ అల్ సబా సంతకం చేశారు. ఎదుటి పక్షం కువైట్ ఆయిల్ కంపెనీ. అందులో బ్రిటిష్ చమురు కంపెనీ ఆంగ్లో పర్షియన్, అమెరికాకు చెందిన గల్ఫ్ ఆయిల్ చెరి సగం వాటాదారులు. గడువు 75 ఏళ్ళు. లెక్కలన్నీ మన భారతీయ రూపాయల్లోనే ఉన్నాయి, ఎందుకంటే అప్పట్లో అక్కడ చెలామణీ అయినది మన రూపాయే. సంతకం చేసినందుకు 4,75,000 రూపాయలు. ఆ తర్వాత ఏటా, వాణిజ్యానికి సరిపడా చమురు దొరికిందని ప్రకటించేవరకు, టన్నుకు 3 రూపాయల రాయల్టీ లేదా 95,000 రూపాయలు, రెండింటిలో ఏది ఎక్కువైతే అది. ప్రకటించాక ఆ కనీస మొత్తం 2,50,000 రూపాయలకు పెరుగుతుంది. మన దగ్గర సున్నపురాయి, బెరైటీస్ లీజులు తెలిసినవారికి ఇది కొత్తగా అనిపించదు. 1957 నాటి గనుల చట్టం కింద లీజుదారు రాయల్టీ, డెడ్ రెంట్‌లలో ఏది ఎక్కువైతే అది కడతాడు. క్వారీలో ఒక్క రాయి తీయకపోయినా డెడ్ రెంట్ తప్పదు.

కువైట్‌లోని బుర్గాన్‌లో 1938 ఫిబ్రవరిలో చమురు పడింది. మరిన్ని బావులు తవ్వుతుండగానే యుద్ధం వచ్చింది. 1942 వేసవికి జర్మన్ సేనలు ఒకవైపు ఈజిప్టులోకి చొచ్చుకువచ్చాయి, మరోవైపు కాకసస్ దిక్కుగా సాగుతున్నాయి. బావులు శత్రువు చేతికి చిక్కుతాయేమోనన్న భయం ఒకటి, ఉక్కునూ యంత్రాలనూ అప్పటికే చమురు ఇస్తున్న చోట్లకు మళ్ళించవలసిన అవసరం ఒకటి, రెండూ కలిసి బ్రిటిష్ ప్రభుత్వం చేత ఈ పని చేయించాయి. బావుల్లో సిమెంటు పోసి మూసివేశారు. పొరుగున ఖతార్‌లోని దుఖాన్ బావులకూ అదే ఏడాది అదే గతి పట్టింది.

ఇలాంటి ఒప్పందాల్లో ఫోర్స్ మజూర్ క్లాజు సాధారణంగా చెప్పేది ఏమిటంటే, మన చేతిలో లేని కారణంతో ఏదైనా బాధ్యత నెరవేర్చడం ఆలస్యమైతే అది ఉల్లంఘన కాదు, ఆలస్యమైన కాలాన్ని గడువుకు కలుపుకోవచ్చు. ఫలానా తేదీలోగా ఇన్ని అడుగులు తవ్వాలి అన్న షరతుకు ఇది చక్కగా సరిపోతుంది. వార్షిక చెల్లింపుకు సరిపోదు, ఎందుకంటే దాన్ని రాసుకున్నదే చమురు రాని సంవత్సరాల కోసం. పైగా కంపెనీకి కూడా ఆ సొమ్ము కట్టడంలోనే మేలుంది. చెల్లింపు తప్పితే ఒప్పందాన్ని రద్దు చేసే హక్కు పాలకుడికి చిక్కుతుంది. కింద ఎంత చమురు ఉందో తెలిశాక ఏ కంపెనీ అయినా ఏడాదికి లక్ష, రెండు లక్షల రూపాయల కోసం అలాంటి నేలను వదులుకోదు.

అయితే పాలకుడికి నష్టం లేదని నేను అనను. నష్టం ఎంతో చూపించే లెక్క చిన్నదే. టన్నుకు 3 రూపాయల చొప్పున 2,50,000 రూపాయలు కావాలంటే సుమారు 83,000 టన్నులు తీయాలి. యుద్ధం ముగిశాక 1946 జూన్ 30న తొలి ట్యాంకరు కదిలింది, ఆ ఏడాది తీసిన చమురు దాదాపు 8 లక్షల టన్నులు. అంటే సగం ఏడాది ఎగుమతులతోనే రాయల్టీ కనీస మొత్తానికి తొమ్మిది, పది రెట్లు అయింది. బావులు మూసి ఉంచిన నాలుగేళ్ళలో కువైట్ కోల్పోయినదాన్ని ఈ తేడాతో కొలవాలి. జపాన్ సాగు ముత్యాల పోటీతో ముత్యాల వేట అప్పటికే కుదేలైంది, యుద్ధంతో సరుకుల రాకా తగ్గింది. అలాంటి రోజుల్లో ఆ తేడా అంకెల్లో కనిపించేదానికంటే చాలా బరువైనదని నా అభిప్రాయం. ఇంకో సంగతి కూడా ఉంది. ఆ సొమ్ము పాలకుడి చేతికే వెళ్ళేది. 1938లో కువైట్ వ్యాపార ప్రముఖులు ఎన్నుకున్న సభ చమురు రాబడి మీద అధికారం కోరింది, ఆ డిసెంబరులోనే షేక్ సభను రద్దు చేశారు. కాబట్టి కంపెనీ సక్రమంగా కట్టినంత మాత్రాన జనానికి అందినట్టు కాదు.

సౌదీ అరేబియాలో కథ వేరుగా నడిచింది. అక్కడ పనులు పూర్తిగా ఆగలేదు, బాగా తగ్గాయి. హజ్ యాత్రికుల రాక పడిపోవడంతో రాజు ఇబ్న్ సౌద్ రాబోయే రాయల్టీ మీద అడ్వాన్సులు అడిగారు. అంత భారం మోయలేమని అక్కడి అమెరికన్ చమురు కంపెనీ 1941లో అమెరికా ప్రభుత్వాన్ని ఆశ్రయించింది. అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ మొదట ఆ బాధ్యతను బ్రిటన్‌కు వదిలి, 1943 ఫిబ్రవరిలో లెండ్ లీజు (యుద్ధకాలంలో అమెరికా ఇతర దేశాలకు ఇచ్చిన సాయం) కింద సౌదీని చేర్చారు. ఇది ఒప్పందం ప్రకారం వచ్చిన చెల్లింపు కాదు, రాజకీయ అవసరం కోసం ఇచ్చినది. మీ ప్రశ్నకు సమాధానం వెతికేటప్పుడు ఈ రెండింటినీ కలిపేయకండి.

ఇక రెండో ప్రశ్న. షేక్ అహ్మద్‌కు మరొకరిని పిలిచే స్వేచ్ఛ లేదు. ఆయన తాత షేక్ ముబారక్ 1899లోనే బ్రిటన్ అనుమతి లేకుండా నేలలో ఏ భాగాన్నీ పరాయి ప్రభుత్వానికి గానీ దాని ప్రజలకు గానీ ఇవ్వనని మాటిచ్చారు. 1913లో చమురు విషయంలోనూ బ్రిటిష్ ప్రభుత్వం సూచించినవారికే హక్కులిస్తానని రాసిచ్చారు. పని ఆపించినదీ ఆ ప్రభుత్వమే, మరొకరు రావాలంటే ఒప్పుకోవలసినదీ ఆ ప్రభుత్వమే. అందువల్ల ఒప్పందంలో రద్దు హక్కు ఉన్నా, బావులు మూసి ఉన్నన్నాళ్ళూ ఆయన చేయగలిగింది తన వార్షిక చెల్లింపు తేదీ తప్పకుండా చూసుకోవడం మాత్రమే.