పదివేల లోపు ఫోన్ కొంటే మూడేళ్లు లాగుతుందా? నాకు తెలిసింది చెబుతా

గుణుపురం నుంచి అడిగారు కదా, పదివేల లోపు ఫోన్ సరిపోతుందా, లేక అప్పు చేసైనా పదిహేను వేలది తీసుకోవాలా అని. మాది పర్లాకిమిడి. చింతపండు, జీడిగింజలు కొనే వ్యాపారం, వారంలో నాలుగు రోజులు కొండ మీద సంతల్లోనే ఉంటాను. తొమ్మిదిన్నర వేలు పెట్టి పాతపట్నంలో కొన్న 4జీ ఫోన్‌తో రెండేళ్ల ఎనిమిది నెలలుగా నెట్టుకొస్తున్నా. కంపెనీ పేరు వద్దులెండి, గొడవ.

ముందు బ్యాటరీ సంగతి, ఎందుకంటే ఈ రేటు ఫోన్లలో నిజంగా డబ్బుకి తగ్గ వస్తువు అదొక్కటే. 5000 ఎంఏహెచ్. తెల్లారి ఐదింటికి చార్జర్ తీసి జీపు ఎక్కితే రాత్రి ఇంటికొచ్చేదాకా పవర్ బ్యాంక్ అవసరం పడలేదు. దీని వెనక తమాషా ఏమిటంటే, తెర 720 పిక్సెళ్లదే, అంటే చుక్కలు తక్కువున్న తెర, కాబట్టి ప్రాసెసర్‌కి పని తక్కువ, ఆ మేరకు చార్జింగ్ మిగులుతుంది. కానీ అదే తెర ఏప్రిల్ ఎండలో జీడిగింజల సీజన్‌లో నన్ను ఏడిపించింది. మిట్టమధ్యాహ్నం సంతలో ఏమీ కనపడదు, తువ్వాలు నెత్తిన కప్పుకుని దాని నీడలో నంబర్లు కొట్టాలి. ఓసారి అలాగే ఫోన్‌లో 1,450 రూపాయలు పంపబోయి ఒక సున్నా ఎక్కువ కొట్టేశాను. ఆ డబ్బు అందుకున్న సవర తెగ ముసలాయన, మంచివాడు, మళ్లీ వారం సంతలో నన్ను వెతుక్కుంటూ వచ్చి మిగతాది చేతిలో పెట్టాడు. మీరు బయట తిరిగే మనిషైతే షాపులో ట్యూబ్‌లైటు కింద చూసి మురిసిపోకండి, ఫోన్ పట్టుకుని రోడ్డు మీదకొచ్చి ఎండలో చూడండి. షాపువాడు మొహం చిట్లిస్తే చిట్లించనీ.

ఇక అసలు దెబ్బ ఎక్కడంటే స్టోరేజ్‌లో. డబ్బా మీద పెద్ద అక్షరాలతో 8 జీబీ ర్యామ్ అని ఉంటుంది. నిజానికి అది 4 జీబీయే, మిగతా 4 స్టోరేజ్‌లోంచి అరువు తెచ్చుకున్నది, అది ర్యామ్ అంత వేగంగా ఎప్పటికీ పనిచేయదు. పైగా నా ఫోన్ స్టోరేజ్ 64 జీబీ, అదీ ఈఎమ్ఎమ్‌సీ అనే పాత రకం. ఈ రకం ఒకేసారి చదవడం, రాయడం రెండూ చేయలేదు, ఒకటయ్యాక ఒకటి. యూఎఫ్ఎస్ అనే కొత్త రకమైతే రెండూ ఒకేసారి చేస్తుంది. ఇదేదో కంప్యూటర్ చదువు అనుకోకండి. వాట్సాప్‌లో గుడ్ మార్నింగ్ ఫొటోలు, పెళ్లి వీడియోలు నిండిపోయాక, వెనక ఏదో యాప్ అప్‌డేట్ అవుతుంటే డబ్బు పంపే స్కానర్ తెరుచుకోవడానికి పది సెకన్లు పట్టేది, ఎదురుగా బస్తా దించిన మనిషి నిలబడి నా మొహం చూస్తుండేవాడు. మొదటి ఏడాది ఈ బాధ లేదు, రెండో ఏడాది మధ్యలో మొదలైంది. అందుకే కెమెరా 50 మెగాపిక్సెల్సా, 108 ఆ అన్నది వదిలేసి 128 జీబీ, యూఎఫ్ఎస్ అని అడగండి. కెమెరా గురించి ఇంతకంటే చెప్పేదేం లేదు, పగలు బాగుంటుంది, రాత్రి అలికినట్టు ఉంటుంది, ఆ 2 మెగాపిక్సెల్ రెండో కెమెరా దిష్టిబొమ్మ.

సిగ్నల్ విషయం మీకు నాకంటే ముఖ్యం, పుట్టాసింగి వైపు వెళ్తానన్నారు కాబట్టి. 5జీ అని రాసి ఉంటే అన్ని సిమ్‌లకీ వస్తుందనుకోవద్దు. రెడ్‌మీ ఏ4 5జీ 2024 నవంబరులో 8,499కి వచ్చింది, రేటుకి మంచి ఫోనే, యూఎఫ్ఎస్ 2.2 కూడా ఉంది, కానీ అది స్టాండలోన్ 5జీకి, అంటే 4జీ ఆసరా లేకుండా విడిగా నడిచే 5జీకి మాత్రమే పనిచేస్తుంది. అంటే జియో 5జీ వస్తుంది, ఎయిర్‌టెల్ వాళ్లకి మాత్రం అప్పట్లో 4జీయే గతి. బీఎస్ఎన్ఎల్ సిమ్ అయితే ఇంకో లెక్క. 2025 సెప్టెంబరు 27న మన ఒడిశాలో, ఝార్సుగుడలోనే ప్రధాని ప్రారంభించిన ఆ స్వదేశీ 4జీ 700, 2100 మెగాహెర్ట్జ్ మీద నడుస్తుంది. 700 కొండల్లో దూరం వెళ్తుంది, కాబట్టి ఫోన్‌లో బ్యాండ్ 28, అంటే ఆ 700ని అందుకునేది, ఉందో లేదో చూసుకోండి. నేను చూసుకోలేదు. మా జీపు డ్రైవర్ ఫోన్‌లో గీతలు కనపడే చోట నాది చచ్చిన చేప.

మన భాషలకి మాత్రం చౌక ఫోన్ అయినా లోటు లేదు. మా ఆవిడకి తెలుగే చదవడం వచ్చు, పిల్లాడికి బళ్లో ఒడియా, ఒకే కీబోర్డులో రెండూ పెట్టుకున్నాం, ఏ ఇబ్బందీ లేదు. ఒకప్పుడు ఒడియా మెసేజ్ వస్తే డబ్బాలు డబ్బాలుగా కనపడేది గుర్తుందా?

మూడేళ్లు లాగుతుందా అంటే లాగుతుంది, మూడో ఏడాది మీకు ఓపిక ఉండాలి అంతే. అప్పు మాత్రం వద్దు. ఓ వెయ్యి, పదిహేను వందలు ఎక్కువ పెట్టగలిగితే 6 జీబీ, 128 జీబీలో వెతకండి. పదిహేను వేలదానికి తెర బాగుంటుంది, చార్జింగ్ గబగబా ఎక్కుతుంది, కానీ సంతలో బస్తా మీద నుంచి కింద పడితే రెండూ ఒకేలా పగులుతాయి. నేనైతే చింతపండు సీజన్ అయ్యేదాకా దీంతోనే గడిపి, తర్వాత దీన్ని మా ఆవిడకి సీరియల్స్ చూసుకోమని ఇచ్చేస్తా. ఆవిడకి ఇంకా చెప్పలేదు.